బియ్యంలో రాసిన పేరు

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు ముందేసుకుని కూర్చున్నానో లేదో, మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తీసి చూస్తే మా పిన్ని మనవరాలు. నెలలు నిండిన మనిషి, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి రెయిలింగు మీద. ఫోను చేస్తే నేనే వచ్చేదాన్ని కదమ్మా అని కోప్పడబోతే, కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకుని, "పెద్దమ్మా, నాకా పళ్ళెం కావాల" అంది. ఏ పళ్ళెం అని నేను అడగలేదు. "ఇప్పుడే పట్టుకెళ్ళనులే. పుట్టకముందు ఏవీ సిద్ధం సెయ్యకూడదంటాది అమ్మ. ఉందో లేదో సూసుకుందారని వచ్చాను" అంది. ఉంది. నా ఇంట్లో ఏది ఎక్కడుందో నాకు తెలియదు గానీ ఆ పళ్ళెం ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

అది వెడల్పాటి స్టీలు పళ్ళెం. అంచున చుక్కలు చుక్కలుగా మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది. మా అమ్మకి గిన్నెల మీద పేరు కొట్టించడం ఒక వ్యసనం. పాత గిన్నెలకి కొత్త గిన్నెలు ఇచ్చేవాడొస్తే బేరం ఆడుతూనే, "పేరు కూడా వేసివ్వాలి" అనేది. మల్కాపురంలో మా వీధి వీధంతా ఒకరింటి కూర ఇంకొకరింటికి గిన్నెల్లో తిరిగే వీధి కాబట్టి ఆవిడ జాగ్రత్తకి అర్థం ఉందనే చెప్పాలి. మేం గోదావరి జిల్లా నుంచి నాన్నగారి పోర్టు ఉద్యోగం మూలంగా ఇక్కడికొచ్చాం. ఆరేసిన బట్టల మీద బొగ్గుపొడి, ముక్కులో రిఫైనరీ వాసన, ఓడ కూత విని పిల్లల్ని స్కూలుకి తయారు చెయ్యడం, ఇవన్నీ అలవాటయ్యాయి గానీ మా అమ్మకి ఇక్కడి మాట మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు. 'నేను'కి బదులు 'నాను' అన్న మాట వింటే చెవిలో పుల్ల పెట్టినట్టు ఉలిక్కిపడేది.

విచిత్రం ఏమిటంటే, ఆ 'నాను' మా వీధిలో అందరికంటే దర్జాగా అనే మనిషి అసలు తెలుగు మనిషే కాదు. ఆవిడే మా పిన్ని. పిన్ని అంటే రక్తసంబంధం కాదు, మా మేడమీద వాటాలో అద్దెకుండేవారు. కొంకణ తీరం వాళ్ళు, ఇంట్లో మరాఠీ మాట్లాడుకునేవారు. బాబాయి పోర్టులో ఓడల్ని లాగే టగ్గు బోటుకి ఇంజను డ్రైవరు. కొత్తగా వచ్చినప్పుడు పిన్నికి ఒక్క ముక్క తెలుగు రాదు. జాలరిపేట నుంచి బుట్ట నెత్తిన పెట్టుకొచ్చే చేపలావిడ దగ్గర నేర్చుకుంది. అందుకే ఆవిడ తెలుగులో చేపల బేరం వేగం, ధాటి ఉండేవి. మా అమ్మ గోదావరి తెలుగు విని పిన్ని జాలిగా, "అక్కకి ఇంకా బాస రాలేదు" అనేది. మా నాన్నగారు ఆ మాట పదిమందికి చెప్పుకుని నవ్వేవారు.

వాళ్ళు ఏ మతం వాళ్ళన్నది వీధికి చాలా కాలం తేలలేదు. పంది మాంసం ముట్టరు కాబట్టి ముస్లింలనుకున్నారు కొందరు. పాత నిబంధన కథలు తెలుసు కాబట్టి చర్చికి రమ్మని పిలిచారు ఇంకొందరు. నల్లపూసలు చూసి మా అమ్మ మరాఠీ హిందువులే అని తీర్మానించేసింది. చివరికి ఒకనాడు బాబాయే కుర్చీ వేసుకుని కూర్చుని విడమరిచి చెప్పారు. వాళ్ళు యూదులు. ఎన్ని తరాల కిందటో వాళ్ళ పూర్వీకుల ఓడ కొంకణ తీరంలో పగిలిపోయిందట. ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్ళు అక్కడే గానుగలు పెట్టుకుని నూనె ఆడి బతికారట. శనివారం మాత్రం గానుగ కట్టేవారు కాదట. "గుడి లేదు, పుస్తకం లేదు, చదివేవాడు లేడు. శనివారం ఒక్కటి మిగిలింది" అనేవారు. అది విన్న దగ్గర్నుంచి శనివారం పిన్ని పొయ్యి వెలిగించకపోతే ఎవరూ ఒంట్లో బాగాలేదా అని అడగలేదు. శుక్రవారం సాయంత్రం ఆవిడ దీపాలు పెట్టే వేళకి మా అమ్మ కూడా దీపం పెట్టేది. పనిలో పని అనేది.

ఈ ఊళ్ళో వాళ్ళకి ప్రార్థన మందిరం లేదు. పెళ్ళికైనా పేరంటానికైనా రైలెక్కి థానే వెళ్ళాలి. అన్నింటికీ వెళ్ళడం కుదిరేది కాదు. కుదరనప్పుడు పిన్ని మలీదా పెట్టేది. అటుకులు తడిపి, పంచదార, కొబ్బరి కోరు, యాలకుల పొడి, ఎండుద్రాక్ష కలిపి, పళ్ళెంలో గుట్టగా పోసి, చుట్టూ పండ్లు అమర్చి, దాని ముందు బాబాయి హీబ్రూలో ప్రార్థన చదివేవారు. ఏలీయా ప్రవక్తని తలుచుకుంటారట అప్పుడు. మా అమ్మ ఆయన్ని వాళ్ళ దేవుడనుకుని కళ్ళకద్దుకుంటే, "దేముడు కాదక్కా, పెద్దాయన. మంచి కబురు తెచ్చేవోడు" అని పిన్ని సర్దిచెప్పింది. మంచి కబురు తెచ్చేవాడికి దణ్ణం పెడితే తప్పేముంది అంది మా అమ్మ. బాబాయికి ప్రమోషనొచ్చినా మలీదానే, నేను పోర్టు ఆఫీసులో ఉద్యోగంలో చేరినా మలీదానే. నా ఉద్యోగానికి హీబ్రూలో ఆశీర్వాదం అందిందని నేను ఆఫీసులో గొప్పగా చెప్పుకునేదాన్ని.

బాబాయి గొంతు గురించి చెప్పాలి. మనిషి బక్కగా ఉండేవారు గానీ గొంతు ఇంజను రొదని దాటి వినిపించే గొంతు. ఆయన చదువుతుంటే కింద మా వంటింట్లో పప్పు గరిటె ఆపి వినేది అమ్మ. రిటైరైన కొన్నాళ్ళకి ఆ గొంతుకే జబ్బు వచ్చింది. ప్రాణం నిలపాలంటే ఆపరేషను చేసి గొంతు తీసెయ్యక తప్పదన్నారు, తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పిన్ని కుట్టిన తెల్లటి గుడ్డ. మాట్లాడాలంటే పలక మీద బలపంతో రాసేవారు. శుక్రవారం సాయంత్రాలు మేడ మీద నిశ్శబ్దం. పిన్ని దీపాలు పెట్టి, ఆయన పక్కన ఊరికే కూర్చునేది. ఆ నిశ్శబ్దం మా ఇంట్లోకి కూడా దిగొచ్చినట్టుండేది, నాకు ఇప్పటికీ గుర్తొస్తే దిగులు.

అలాంటి రోజుల్లో వాళ్ళమ్మాయి, నాతో కలిసి పెరిగిన చెల్లి, పురిటికి వచ్చింది. అల్లుడు ఓడలో ఇంజనీరు, ఎక్కడో సముద్రం మీదున్నాడు. నెల ముందే కాన్పయింది. ఆడపిల్ల. పిల్ల తూకం తక్కువ, ప్రయాణాలు వద్దు, జనంలోకి తీసుకెళ్ళద్దు అన్నారు డాక్టరమ్మ. సరిగ్గా ఆ వారమే ఆస్పత్రివాళ్ళు బాబాయి జబ్బు తిరగబెట్టిందన్నారు. ఆయనకి మిగిలిన రోజులు కొద్దే అని మాకందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. తన తల్లి పేరు మనవరాలికి పెట్టుకోవాలని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. పేరు పెట్టడం చూసి పోతే చాలునని పలక మీద రాసి పిన్నికి చూపించారట.

థానే నుంచి వియ్యపురాలు ఫోను చేసింది. పిల్ల కాస్త పుంజుకున్నాక తీసుకొస్తే మందిరంలో పెద్దల ముందు పద్ధతిగా పేరు పెడదాం, తొందరేముంది అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు, తొందర ఎక్కడుందో ఆవిడకి తెలియదు. పోనీ ఇంట్లోనే చేద్దామని పిన్ని అంటే, ఈసారి బాబాయే ఒప్పుకోలేదు. పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో, "గొంతు లేనివాడు పేరు ఎలా పెడతాడు" అని రాసి, తుడిచేసి, పలక గోడవైపు తిప్పి పెట్టేశారు. ప్రార్థన నోటితో పలకాలి, పదిమంది చెవిన పడాలి. మందిరం లేని లోటు ఇన్నాళ్ళూ తన గొంతుతో పూడ్చుకున్న మనిషి ఆయన. అదీ పోయాక ఇంట్లో చేసేది ఉత్త ఫలహారం అవుతుందని ఆయన బాధ.

పిన్ని మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. "ఆ మడిసి ఉండగా పేరు పెట్టకపోతే, ఆ తరవాత ఎంత పెద్ద మందిరంలో పెడితే నాకేటి" అంది. మా అమ్మ చింతపండు పిసుకుతూ వింటోంది. చేతులు కడుక్కుని వచ్చి, తనకి బోధపడని విషయం ఉన్నప్పుడల్లా పెట్టే మొహం పెట్టి, "అయినా చెల్లెమ్మా, పేరు నోటితో ఎందుకు పెడతారు మీరు? మేం ముందు చేత్తో పెడతాం. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాస్తాడు తండ్రి. రాసింది చూసి మిగతావాళ్ళం పిలుస్తాం. రాసిందాకా పిల్లకి పేరు లేనట్టే" అంది. పిన్ని ఏడుపు ఆపి, కొంగుతో మొహం తుడుచుకుంది. "రాత్తే సాలా?" అంది. మాకు చాలు, మీకు చాలుతుందో లేదో ఆయన్నే అడుగు అంది అమ్మ.

అడగడానికి ముగ్గురం పైకి వెళ్ళాం. బాబాయి విని తల అడ్డంగా ఊపారు. పలక అందుకుని, "అది మా పద్ధతి కాదు" అని రాశారు. అప్పుడు పిన్ని మాట్లాడిన తీరు నేను మరిచిపోలేను. ఆ మనిషి ఆయన మీద గొంతు పెంచడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. "పద్దతేటి పద్దతి. ఆ ఓడ పగిలి ఒడ్డున పడ్డోళ్ళకి మందిరం ఉందేటి? పుస్తకం ఉందేటి? ఏది చేతికి దొరికితే దాంతోనే చేసుకున్నారు. అటుకులు దొరికినాయి, అటుకులతో చేసుకున్నారు. మనకిప్పుడు బియ్యం దొరికింది. నువ్వు రాయి, నాను సదువుతాను" అంది. ఆయన పలక మీది మాట అరచేత్తో తుడిచేశారు. అన్నేళ్ళుగా ఆయన చదివితే ఆవిడ వినడమే గానీ ఆవిడ చదివింది లేదు. తర్వాత పలక మీద ఒక్క మాట రాశారు. "వస్తుందా?" ఆవిడ కాస్త తడబడి, "ఇన్నేళ్ళూ విన్నాను కదేటి" అంది.

పన్నెండో నాడు ఊయల వేసి పేరు పెట్టడం వాళ్ళకీ ఉందట. ఆ పొద్దున్నే మేడ మీద వాటా కడిగి ముగ్గు పెట్టాం. పాత నగరం నుంచి వచ్చి మా వీధి మొగలో దుకాణం పెట్టుకున్న దర్జీ మామయ్య ఊయలకి పచ్చ సాటిను గుడ్డ కుట్టి తెచ్చాడు, కూలి ఎంతని అడిగితే కోప్పడ్డాడు. చేపలావిడ బుట్ట ఇంట్లోనే దింపేసి, స్నానం చేసి, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. పిల్లకి జనం తగలకూడదని డాక్టరమ్మ చెప్పారు కదా, అందుకని మేమందరం వరండాలో కూర్చున్నాం, తల్లీ పిల్లా లోపల గుమ్మం పక్కన. ఏలీయా ప్రవక్త కోసం ఒక ఖాళీ కుర్చీ వేసి దాని మీద ఉతికిన దుప్పటి పరిచారు. చేపలావిడ చూసుకోకుండా దాంట్లోనే కూర్చోబోతే నేను రెక్క పట్టుకుని ఆపాను.

అందరం సర్దుకున్నాక మా అమ్మ పళ్ళెం తెచ్చి బాబాయి ముందు స్టూలు మీద పెట్టింది. చూద్దును కదా, నిగనిగలాడే బియ్యం మధ్యలో తమలపాకు, దాని మీద చక్కగా చేసిన పసుపు గణపతి, పైన అక్షింతలు. ఏ శుభకార్యమైనా ఆవిడ చేతులు వాటంతట అవే ఆ ముద్ద చేసేస్తాయి, మనసుతో పనిలేదు. ఆవిడా అప్పుడే చూసుకుంది. విగ్రహం అన్నది వాళ్ళింటి గడప లోపల ఉండదని అన్నేళ్ళ నుంచి తెలిసిన మనిషి. బాబాయి పలక కోసం చెయ్యి చాపబోయి ఆగిపోయారు. అమ్మ మొహం ఎర్రబడింది. తమలపాకుతో సహా గణపతిని రెండు చేతుల్లోకీ ఎత్తుకుని, "స్వామీ, మనింటికి పోదాం పద. అలవాటు కొద్దీ తీసుకొచ్చేశాను, ఏవనుకోకు" అని ఆయనతో మాట్లాడుకుంటూ మెట్లు దిగి, మా పూజగూట్లో కూర్చోబెట్టి, దీపం పెట్టి మళ్ళీ పైకి వచ్చింది. "ఆయన కింద నుంచే చూసుకుంటానన్నాడు" అంది కూర్చుంటూ. ముందు పిన్ని నవ్వింది. తర్వాత బాబాయి భుజాలు కదిలాయి. గొంతు లేని నవ్వు అలాగే ఉంటుంది, భుజాల్లో. ఆపరేషను తర్వాత ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

పిన్ని తన పెళ్ళి ఉంగరం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన పళ్ళెం మీదకి వంగి, కుడి చివర వేలు ఆనించారు. మా అమ్మ ఊరుకుంటుందా, "అటు కాదు మరిదిగారూ, ఇటు నుంచి" అని ఆయన మణికట్టు పట్టుకుని ఎడమ వైపుకి జరిపింది. చదువుకున్న మనిషికి మొదలేదో తెలియకపోవడమేమిటని పాపం ఆవిడ ఉద్దేశం. ఆయన ఓపిగ్గా చెయ్యి మళ్ళీ కుడి వైపుకి తెచ్చుకుని, ఆవిడ కళ్ళలోకి చూసి, పరవాలేదన్నట్టు తలాడించి రాయడం మొదలెట్టారు. వాళ్ళ రాత అటు నుంచే సాగుతుందని మా అమ్మకి అప్పుడు తెలిసింది. ఒక అక్షరం చెదిరిపోతే బియ్యం అరచేత్తో సర్ది మళ్ళీ రాశారు. పూర్తయ్యాక వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

పిన్ని లేచి నిలబడింది. తలమీద కొంగు కప్పుకుని, బియ్యంలో ఉన్న పేరు చూసి పైకి చదివింది. ఆ పేరు ఆవిడకీ అప్పుడే తెలిసినట్టు, నెమ్మదిగా ఇంకోసారి చదివింది. తర్వాత ఆశీర్వాదం మొదలెట్టింది. చేపల బేరం ధాటి ఏమీ లేదు ఆ గొంతులో, సన్నగా భయంగా ఉంది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. మాట తట్టలేదు. అప్పుడు బాబాయి కళ్ళు తెరవకుండానే, చేతిలో ఉన్న ఉంగరంతో కుర్చీ చేతిమీద టక్, టక్ మని తట్టడం మొదలెట్టారు. ఆయన చదివేటప్పుడు ప్రార్థన నడిచే తీరు అది, కింద వంటింట్లోంచి మేము కూడా ఎరిగిన నడక. ఆ నడక పట్టుకుని ఆవిడ ముందుకు సాగింది. ఆయన తట్టడం, ఆవిడ చదవడం, ఇద్దరూ కలిసి చివరిదాకా వచ్చారు. ఆఖరున ఏమనాలో మాకెవరికీ చెప్పలేదు. దర్జీ మామయ్య "ఆమీన్" అన్నాడు. చర్చికి వెళ్ళే పక్కింటివాళ్ళు "ఆమెన్" అన్నారు. చేపలావిడ "అలగే అవాల తల్లీ" అంది. లోపల పిల్ల కేరుమంది. మా అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ, "పలికింది, చూశారా, పేరుకి పలికింది" అంది. నాకు మందిరం ఎలా ఉంటుందో తెలియదు, ఇంతవరకూ చూడలేదు. ఆ పూట ఆ వరండాలో మాత్రం ఏ లోటూ లేదని నాకు గట్టిగా అనిపించింది.

మలీదా తిని అందరూ వెళ్ళాక కూడా బాబాయి పళ్ళెం వదల్లేదు. ఫ్యాను గాలికి బియ్యం కదులుతుందేమోనని ఫ్యాను ఆపించి, ఆ ఉక్కలో, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా ఆయనే పిన్నికి సైగ చేశారు. ఆవిడ ఆ బియ్యం కడిగి, కొబ్బరిపాలు పోసి, బెల్లం వేసి పాయసం చేసింది. వీధిలో ప్రతి ఇంటికీ గ్లాసుడు వెళ్ళింది. మా అమ్మ మొదటి చెంచా పూజగూటి ముందు పెట్టి వచ్చింది, ఆయనా పేరంటానికి వచ్చినవాడే కదా అని.

నెల తిరక్కుండా బాబాయి వెళ్ళిపోయారు. వాళ్ళలో మట్టి చేసి వచ్చినవాళ్ళు ఆ పూట సొంత ఇంటి వంట తినకూడదట, ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలట. మా అమ్మ ఉడికించిన గుడ్లు, పప్పు, అన్నం అదే పళ్ళెంలో పెట్టుకుని మేడ ఎక్కింది. పిన్ని నేల మీద కూర్చుని తింటూ, "పేరు పెట్టి పోనాడక్కా" అంది. తర్వాత పిల్ల పెద్దదై థానే తీసుకెళ్ళినప్పుడు అక్కడ మందిరంలో ఒక ముసలాయన, పేరు ఎవరు పెట్టారని అడిగారట. బియ్యం సంగతి, ఉంగరం సంగతి పిన్ని భయపడుతూనే చెప్పింది. ఆయన విని, అయితే పేరు పెట్టడం అయిపోయింది, మేం ఇక్కడ ఊరికే ఇంకోసారి పిలుస్తాం అన్నారట. ఆ మాట చెప్పడానికి పిన్ని రైలు దిగి తిన్నగా సామానుతోనే మా ఇంటికి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి పిన్ని, ఆ వెనకే మా అమ్మ కూడా వెళ్ళిపోయారు. వాళ్ళిద్దరి మధ్యా పెరిగినందుకు నేను ఎవరికి రుణపడి ఉన్నానో తెలియదు గానీ, రోజూ ఎవరికో ఒకరికి దణ్ణం పెట్టుకుంటూనే ఉంటాను.

ఆ చిట్టి పిల్లే ఇప్పుడు అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ, నిండు చూలాలై నా కుర్చీలో కూర్చుంది. పళ్ళెం తీసి చేతికిస్తే, అంచున మా అమ్మ పేరు మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమింది. ఈసారి ఎవరు రాస్తారే అని అడిగాను. "నానే రాత్తాను. అమ్మ నేర్పింది. మా ఆయనకీ అచ్చరాలు నేర్పతన్నాను, కుడి పక్కనుంచి రమ్మంటే ఇంకా తిన్నగా రాట్లేదు" అని నవ్వింది. "నువ్వు మాత్రం ముందే వచ్చీయాల పెద్దమ్మా. మొదటి ఆమెన్ నీదే." పళ్ళెం ఇక్కడే ఉండనీ, పుట్టాక కబురు పెడతాను అని చెప్పి లేచింది. వంగి చెప్పులు వేసుకోలేకపోతే నేనే కాళ్ళ దగ్గరికి జరిపాను.

మెట్లు దిగుతుంటే, జాగ్రత్త అని చెప్పబోయి, నాకు తెలియకుండానే పేరు పెట్టి పిలిచాను. ఉంగరంతో బాబాయి బియ్యంలో రాసిన పేరు, ఆ సాయంత్రానికే పాయసంలో కలిసిపోయిన పేరు. సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి, "ఏటి పెద్దమ్మా" అంది. కాలం నా దగ్గర్నుంచి ఏమేం తీసుకుపోయిందో చెప్పమంటే పొద్దుగూకే దాకా చెబుతాను, ఏం మిగిల్చిందంటే మాత్రం, పిలిస్తే పలికిన ఆ ఒక్క మాట చాలు.